గీటో బాయ్స్ 1991 నాటి పాట వంటి ఇతర పాటలు తెలుపగలరా?

అందరికీ నమస్కారం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరానికి చెందిన గీటో బాయ్స్ ర్యాప్ బృందం 1991లో విడుదల చేసిన 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ' అనే పాటను కొన్ని నెలలుగా పదే పదే వింటున్నాను. ఐజాక్ హేస్ 1974లో ఒక చిత్రానికి సమకూర్చిన సంగీతం నుంచి తీసుకున్న మెత్తని గిటార్ వరుస మీద, నిద్రపట్టని రాత్రులనూ, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానాన్నీ, చనిపోవాలన్న తలంపునూ బృంద సభ్యుడు స్కార్‌ఫేస్ ఏ ఆర్భాటమూ లేకుండా చెప్పుకుంటూ పోతాడు. చివరి చరణంలో మరో సభ్యుడు బుష్‌విక్ బిల్ తాను కొడుతున్న శత్రువు మాయమై, నెత్తురోడే తన పిడికిళ్లు, కింద గచ్చు మాత్రమే మిగిలే చోట ప్రతిసారీ నా గుండె బరువెక్కుతుంది.

నాకు కావలసింది కేవలం విషాద గీతాలు కావు. పోయినవారిని తలచుకునే ర్యాప్ పాటలు చాలానే దొరికాయి గానీ, గాయకుడు తన మనస్సునే నమ్మలేక దానిని పరీక్షించుకునే పాటలు అరుదుగా కనిపిస్తున్నాయి. 1990ల అమెరికా దక్షిణాది ర్యాప్‌లో, ముఖ్యంగా టెక్సాస్ కళాకారుల నుంచి, అటువంటి సింగిల్స్ (విడిగా విడుదలైన పాటలు) మీకు తెలిసి ఉంటే, వాటిలో ఏ చరణాన్ని శ్రద్ధగా వినాలో కూడా దయచేసి తెలియజేయగలరు.