విమానంలో శాశ్వత సెన్సర్లు అమర్చితే ప్యానెళ్లు విప్పే తనిఖీలు తగ్గుతాయా?

ప్రశ్న (ఏరోనాటికల్ విద్యార్థి):
విమాన నిర్మాణంలోనే సెన్సర్లను అతికించి పగుళ్లను కనిపెట్టే పద్ధతిని, అంటే స్ట్రక్చరల్ హెల్త్ మానిటరింగ్‌ను, ఈ సెమిస్టర్‌లో చదువుతున్నాను. ప్రయోగశాలలో ఈ సెన్సర్లు కొద్ది మిల్లీమీటర్ల పగులును కూడా పట్టుకుంటున్నప్పుడు, విమానయాన సంస్థలు ఇంకా గడువు ప్రకారం ప్యానెళ్లు విప్పి చేతి పరికరాలతో ఎందుకు చూస్తున్నాయి? అడ్డు వస్తున్నది నిబంధనలేనా?

జవాబు (నిర్వహణ ఇంజనీరు):
నిబంధనలు తలుపులు మూసివేయలేదు. నిర్వహణ కార్యక్రమాల రూపకల్పనకు ఆధారమైన ఎంఎస్‌జీ-3 పత్రంలో 2009 నుంచే, గడువు ప్రకారం సెన్సర్‌ను చదివే పద్ధతికి చోటు ఉంది. 2013లో ఇంజనీరింగ్ ప్రమాణాలు రూపొందించే ఎస్‌ఏఈ సంస్థ ఈ పద్ధతి అమలుకు ఏఆర్‌పీ 6461 పేరుతో మార్గదర్శకాలను కూడా వెలువరించింది.

అసలు లెక్క వేరే చోట ఉంది. రెక్క దేహంతో కలిసే చోట ఒక ఫిట్టింగ్‌ను, అంటే భాగాలను కలిపే లోహపు ముక్కను, ఎడ్డీ కరెంట్‌తో (లోహంలో విద్యుత్ సుడులు పుట్టించి పగుళ్లు వెతికే పద్ధతి) పరీక్షించడానికి నిమిషాలు చాలు. దాన్ని చేరుకోవడానికి మాత్రం సీట్లు, ఫ్లోర్ ప్యానెళ్లు, ఇన్సులేషన్ తీసి, సీలెంట్ గీకి, పని అయ్యాక అన్నీ యథాస్థానంలో పెట్టాలి. ఆ విప్పదీతలో కొత్త గీతలు పడే ప్రమాదమూ లేకపోలేదు. అందువల్ల పగులు ఎక్కడ వస్తుందో ముందే తెలిసి, ఆ చోటు చేరడం కష్టమైనప్పుడు సెన్సర్ పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. సులభంగా చేయి ఆనే చోట అది వృథా ఖర్చు.

ఇప్పటికి ఆమోదం దాకా వచ్చిన వాటిలో కంపారేటివ్ వాక్యూమ్ మానిటరింగ్ ఒకటి. పలుచని పట్టీ అడుగున సన్నని గాడులు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో శూన్యం, పక్కదానిలో మామూలు గాలి. లోహంలో పగులు పుట్టి ఆ రెండు గాడులనూ కలిపితే గాలి శూన్యంలోకి చొరబడుతుంది, మీటరుపై అది కనిపిస్తుంది. ఆ మీటరును విమానం నేల మీద ఉండగా, తనిఖీ సమయంలో మాత్రమే తగిలిస్తారు కనుక గగనంలో దానికి విద్యుత్తు అక్కరలేదు.

జవాబు (ఎన్‌డీటీ, అంటే భాగాన్ని పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్షల నిపుణుడు):
పై మాటలతో ఏకీభవిస్తూ, రుజువు సంగతి చేర్చాలి. ఏ తనిఖీ పద్ధతినైనా, ఫలానా పరిమాణం గల పగుళ్లలో నూటికి 90 దొరుకుతాయని 95 శాతం విశ్వాసంతో చెప్పగలగాలి. చేతి పరికరం విషయంలో పలువురు తనిఖీదారుల చేత ఎన్నో నమూనాలను పరీక్షింపజేసి ఈ అంకె తేలుస్తాం. అతికించిన సెన్సర్ మాత్రం తన కిందనున్న ఒకే పగులును, అది పెరుగుతున్నకొద్దీ, మళ్లీ మళ్లీ చూస్తుంది. ఆ కొలతలు ఒకదానికొకటి స్వతంత్రమైనవి కావు కాబట్టి పాత గణాంక సూత్రాన్ని యథాతథంగా వాడితే ఫలితం తప్పుతుంది.

పీజో సెన్సర్లతో (విద్యుత్తును కంపనంగా, కంపనాన్ని విద్యుత్తుగా మార్చేవి) లోహపు పలకలోకి తరంగాలు పంపే పద్ధతిలో మరొక చిక్కు ఉంది. పగులు లేనప్పటి సంకేతంతో నేటి సంకేతాన్ని పోలుస్తాం. ఉష్ణోగ్రత మారినా, సెన్సర్ జిగురు కాస్త వదులైనా ఆ తేడా పగులులాగే కనిపిస్తుంది. ప్రయోగశాలకూ హ్యాంగర్‌కూ (విమానాలను మరమ్మతు చేసే షెడ్డు) మధ్య దూరం ఇక్కడే ఉంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మరి పగులు ఎక్కడ వస్తుందో తెలియనప్పుడు, విమానం మొత్తానికీ సెన్సర్లు పరచలేమా?

జవాబు (నిర్వహణ ఇంజనీరు):
తీగల బరువు, వాటి సొంత లోపాలు, దశాబ్దాలపాటు వాటిని పనిచేయించడం కలుపుకుంటే అది లాభసాటి కాదని నా అభిప్రాయం. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం పైకప్పు భాగం గాలిలో ఊడిపోయిన ఘటన చూడండి. జాయింట్‌లో జిగురు వదిలి, రివెట్ల వరుస పొడవునా చిన్న పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలిశాయి. అలాంటి చోట ఒకటి రెండు బిందువుల్లో పెట్టిన సెన్సర్ ఏమీ చెప్పకపోవచ్చు. తుప్పు, జిగురు స్థితి చూసే మనిషి కళ్లు అక్కడ తప్పనిసరి. కార్బన్ పీచు వంటి పదార్థాలను జిగురుతో కలిపి చేసిన కాంపోజిట్ భాగాల్లో, పైకి కనిపించని దెబ్బలను గుర్తించడానికి మాత్రం విస్తృత సెన్సర్ జాలం అవసరమనే వాదనలో బలం ఉంది.

నిరంతరం హెచ్చరించే వ్యవస్థ గురించి పుస్తకాలు చెప్పని ఇబ్బంది ఒకటి. ఎన్‌డీటీ అర్హత గల మనిషి లేని చిన్న విమానాశ్రయంలో, అర్ధరాత్రి, బయలుదేరబోయే విమానంలో సెన్సర్ పగులు ఉందని చూపిందనుకోండి. అది నిజమో కాదో తేల్చేదాకా విమానాన్ని ఎవరూ విడుదల చేయలేరు. అందుకే చాలా మంది నిర్వాహకులు సెన్సర్‌ను ఎప్పుడు పడితే అప్పుడు కాక, సిబ్బందీ పరికరాలూ ఉన్న హ్యాంగర్‌లో, గడువు ప్రకారమే చదవాలని కోరుకుంటారు.