టోనీ మోంటానా ఫొటోలు పెట్టుకునేవాళ్లు ‘స్కార్‌ఫేస్’ చివరిదాకా చూశారా?

గడియారస్తంభం_అనంతపురం

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఈమధ్య వాడి వాట్సాప్ స్టేటస్ తెరిస్తే చాలు, 1983లో వచ్చిన హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా ‘స్కార్‌ఫేస్’ క్లిప్పే. హీరో టోనీ మోంటానా వేషంలో అల్ పచినో పెద్ద తుపాకీ పట్టుకుని తలుపు పేల్చేసే సీను, కింద సింహం బొమ్మ, కిరీటం బొమ్మ. వాడి స్నేహితులందరిదీ అదే. సబ్జైలు పక్క సందులో మేం కటింగ్‌కు పోయే షాపులో కూడా గోడ మీద టోనీ పోస్టరే.

తుపాకీ మోగుతుండగానే ఆ క్లిప్పు ఆగిపోతుంది. నా బాధ అక్కడే. తుపాకీ ఎత్తడానికి కాసేపటి ముందు టోనీ ఏం చేసివచ్చాడు? ప్రాణస్నేహితుడు మానీని తన చేత్తోనే కాల్చి చంపాడు. చెల్లెలు జీనాతో ఒకే ఇంట్లో కనిపించాడని. నిన్ననే పెళ్లి చేసుకున్నాం, నీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాం అని ఆ పిల్ల మొగుడి శవం మీద పడి ఏడుస్తుంది. కొద్దిసేపటికి ఆ చెల్లెలూ కళ్లముందే తూటాలకు పోతుంది. మొహానికి కొకైన్ అంటుకుని, ఒళ్లు తెలియని స్థితిలో అప్పుడు ఎత్తుతాడు తుపాకీ. ఇంకో నిమిషానికి వెనకనుంచి ఒకడొచ్చి కాల్చేస్తే మేడ మీదినుంచి కింద నీళ్లలో బోర్లా పడతాడు. పైన భూగోళం బొమ్మ చుట్టూ ‘ప్రపంచం నీదే’ అన్న అక్షరాలు వెలుగుతుంటాయి.

ఇంత దుఃఖం ఉన్న సినిమాలోంచి పిల్లలకు మిగిలింది తుపాకీ ఒక్కటే. మీ దగ్గర ఎట్లుంది? ఇంట్లో పిల్లలతో ఈ మాట ఎట్లా ఎత్తుతున్నారు?

ఫ్లెక్సీ_కర్నూలు

అన్నా, నేను కర్నూల్లో ఫ్లెక్సీ డిజైన్ చేస్తా. టోనీ కుర్చీ మాకు బాగా పోయే మోడల్. నల్ల కుర్చీ, దాని మీద బంగారు రంగులో వాడి పేరు అక్షరాలు, అందులో జారగిలబడి కూర్చున్న ఫొటో. మొహం తీసేసి పుట్టినరోజు పిల్లోడి మొహం అతికించాలి. భూగోళం మీది రాత చెరిపేసి పేట పేరు వేయాలి.

ఆ ఫొటోలో టోనీ ముందు బల్ల మీద కొకైన్ కుప్ప ఉంటుంది. మొన్నామధ్య ఒక బ్యాచ్ వచ్చి ఇదే ఫొటో ఎంచుకున్నారు. అంతా బాగుందన్నారు. పోయేముందు ఒకడు వెనక్కి వచ్చి, “అన్నా, ఆ తెల్ల పొడి తీసెయ్, మా అమ్మ చూస్తే తిడుతుంది” అన్నాడు. నేను బల్లను నున్నగా చేసి ఇచ్చినాను. పని అయ్యాక చాలాసేపు ఆలోచన పోలేదు. టోనీని చంపింది ఆ పొడే. పైకి తీసుకొచ్చిన ఫ్రాంక్ లోపెజ్ మొదట్లోనే చెప్తాడు, అమ్మే సరుకు నువ్వు వాడొద్దని. టోనీ వినలేదు. రానురాను ఎవరినీ నమ్మడు, ఇంటి చుట్టూ కెమెరాలు పెట్టిస్తాడు, పెద్ద బాత్‌టబ్బులో ఒక్కడే కూర్చుని పెళ్లాన్నీ మానీనీ అరిచి తరిమేస్తాడు. ఫ్లెక్సీలోంచి ఆ పొడి చెరిపేస్తే ఇక మిగిలేది కుర్చీనే.

రాయచోటి_కువైట్

నేను టోనీ అభిమానిని. పదేళ్ల నుంచి అభిమానినే. మీరందరూ ఒక వైపే చూస్తున్నారనిపిస్తుంది.

మాది రాయచోటి పక్క పల్లె, ఉమ్మడి కడప జిల్లా. వానల్లేక భూమి బీడు పడితే కువైట్ పోయినాను. హోటల్ వంటింట్లో అంట్లు తోమినాను. టోనీ కూడా 1980లో క్యూబానుంచి పడవల్లో అమెరికా చేరిన లక్షా పాతిక వేల మందిలో ఒకడు. చిన్న హోటల్లో మానీతో కలిసి అంట్లు తోముతూ ఎదురుగా క్లబ్బుకు వచ్చే కార్లను చూస్తుంటాడు. ఆ చూపు నాకు తెలుసు. ఎండాకాలంలో ఆ వంటింట్లో నిలబడినవాడికి ఎవడికైనా తెలుస్తుంది. ఏమీ లేనివాడు పైకొచ్చాడు, ఎవడికీ తలొంచలేదు. మా రూములో అందరం సినిమా చూసింది అందుకే, మత్తుమందు అమ్ముదామని కాదు.

ఇంకో మాట. ఆఖర్లో కారు కింద బాంబు పెట్టి ఒక పెద్దమనిషిని చంపాల్సి వస్తే, కార్లో భార్యా పిల్లలు ఉన్నారని పేల్చనివ్వలేదు. పేల్చబోయినవాడినే కాల్చేశాడు. ఆ ఒక్క పనివల్లే, టోనీకి సరుకు పంపే బొలీవియా పెద్ద సోసా మనుషులు వచ్చి చంపినారు. అట్లాంటివాడిని మెచ్చుకుంటే తప్పేముంది?

పాతరీలు_ప్రొద్దుటూరు

ఈ గొడవ ఇప్పటిది కాదు సామీ. 1932లో హోవర్డ్ హాక్స్ తీసిన మొదటి ‘స్కార్‌ఫేస్’ నాడే మొదలైంది. చికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ బతికుండగానే అతని కథను తలపించే సినిమా. జనం ఈ గ్యాంగ్‌స్టర్‌ను ఎక్కడ మెచ్చుకుంటారోనని సెన్సారు వాళ్లకు భయం. పేరు పక్కన ‘జాతికి సిగ్గుచేటు’ అని తగిలించారు. మొదట్లో ప్రభుత్వాన్నీ జనాన్నీ నిలదీసే రాత వేయించారు. హీరోను ఉరితీసే వేరే ముగింపు కూడా తీయించారు. 1983 సినిమాను దాని డైరెక్టరు బ్రయాన్ డిపాల్మా ఆ హాక్స్‌కూ, రచయిత బెన్ హెక్ట్‌కూ అంకితమిచ్చాడు.

కొత్తదానికి స్క్రిప్టు రాసిన ఆలివర్ స్టోన్ అప్పటికి తానే కొకైన్ అలవాటుతో పోరాడుతున్నాడు. కాబట్టి ఆ సినిమా మత్తును పొగిడిందంటే నేను ఒప్పుకోను. కానీ తప్పంతా చూసేవాళ్ల మీదికి నెట్టడం కూడా సరికాదు. మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ సినిమా. మంచి మాటలన్నీ టోనీ నోట్లోనే. పచినో నటన చూస్తే కళ్లు తిప్పుకోలేం. పెద్ద హోటల్లో నిలబడి, వేలెత్తి చూపించడానికి మీకు నాలాంటి చెడ్డోడు కావాలి అని అందరినీ కడిగేస్తాడు కదా, ఇన్‌స్టాలో తిరిగేది ఆ ముక్కే. దానికి ముందు అదే బల్ల దగ్గర పిల్లలు పుట్టలేదని భార్యను నలుగురిలో అవమానిస్తాడు. మనం గెలిచినవాళ్లం కాదు, ఓడిపోయినవాళ్లం అని చెప్పి ఆమె వెళ్లిపోతుంది. చూసేవాడికి గుర్తుండేది మాత్రం తర్వాత వచ్చే టోనీ ఉపన్యాసం. అది డైరెక్టరు కూర్చిన తీరులోనే ఉంది.

మన సినిమాల్లోనూ ఇదే జరిగింది. 2018లో ‘అరవింద సమేత’ వచ్చింది. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన పగను ఎట్లా ఆపాలన్నదే కథంతా. జేజి (నాయనమ్మ) మాట విని హీరో కత్తి పక్కన పెట్టాలనుకుంటాడు. అయినా మా ఊళ్లో పిల్లలు ఇప్పటికీ పెట్టుకునేది మొదట్లో వచ్చే నరుకుడు ఫైటే.

పెన్నాతీరం_కడప

నేను సినిమాలు పెద్దగా చూడను. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

మా పెద్దమ్మవాళ్లది జమ్మలమడుగు వైపు ఊరు. చిన్నప్పుడు సెలవులకు పోయేవాళ్లం. పెదనాన్న బయటికి పోతుంటే ఎక్కడికని ఇంట్లో ఎవరూ అడగకూడదు, ఎప్పుడొస్తావని కూడా అడగకూడదు. రాత్రి జీపు చప్పుడు వింటే పెద్దమ్మ చేతిలో పని ఆపి నిలబడేది. మన జీపేనని తెలిశాకే మళ్లీ కూర్చునేది. ఒక రాత్రి ఆ జీపు రాలేదు. తర్వాత ఆమె ఒక్కతే ఇద్దరు కొడుకులను హైదరాబాదులో హాస్టల్లో పెట్టి చదివించింది, ఊరికి రానివ్వలేదు. టీవీలో సుమోలు గాల్లోకి లేచే సినిమా వస్తే లేచి వంటింట్లోకి పోయేది.

అందుకే నాకు ‘స్కార్‌ఫేస్’లో గుర్తుండిపోయింది టోనీ తల్లి. ఏళ్ల తర్వాత కొడుకు మంచి బట్టలేసుకుని వచ్చి వెయ్యి డాలర్లు చేతిలో పెడతాడు. ఇది ఎవరిని చంపి తెచ్చావు అని అడుగుతుంది. మేం కష్టపడి బతుకుతున్నాం, నీలాంటివాళ్ల వల్ల మనవాళ్లందరికీ చెడ్డపేరు వస్తోంది అంటుంది. బయటికి పొమ్మంటుంది, చెల్లెలి జోలికి రావద్దంటుంది. వాడు వినకుండా వాకిట్లో చెల్లెలి చేతికి ఆ డబ్బు ఇచ్చి పోతాడు. ఆ పిల్ల చావు అక్కడ మొదలైందని నేననుకుంటాను.

రాయచోటి అన్నా, నీ కష్టం చదివి కళ్లు చెమర్చాయి. కానీ ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. అంట్లు తోమి ఇంటికి డబ్బు పంపిన మనిషివి నువ్వు. ఆ సినిమాలో నీలాంటిది ఆ తల్లే కదా? టోనీ ఆ పని ఎక్కువ రోజులు చేయలేదు. ఎవరో వచ్చి డబ్బు చూపించగానే ఏప్రాన్ విప్పేసి పోయాడు.

పాతరీలుగారన్నట్టు డైరెక్టరు ఎవరి పక్కన నిలబడ్డాడన్నది ముఖ్యమే. 1998లో కృష్ణవంశీ ‘అంతఃపురం’ తీశారు. ప్రకాష్‌రాజ్ నరసింహగా ఎంత భయంకరంగా చేశాడో అందరికీ తెలుసు, జాతీయ అవార్డుల్లో ప్రత్యేక గుర్తింపు కూడా వచ్చింది. అయినా నరసింహ ఫొటో స్టేటస్‌గా పెట్టుకున్నవాళ్లు నాకు తారసపడలేదు. కథ మొత్తం సౌందర్య కళ్లతోనే చూస్తాం. మొగుడు పోయాక బిడ్డను ఎత్తుకుని ఆ ఊరు దాటాలన్న ఆరాటమే సినిమా అంతా. చూసేవాడు కూడా ఆ బిడ్డ ఎట్లాగైనా బయటపడాలనే కోరుకుంటాడు.

రాయచోటి_కువైట్

అక్కా, తప్పుగా ఎందుకు అనుకుంటా. తల్లి గురించి నువ్వు చెప్పింది నిజం. మా అమ్మ కూడా అట్లాగే అడిగేది, డబ్బు ఎక్కువ పంపిన నెలలో ఫోన్ చేసి ఎట్లా వచ్చింది ఇంత అని. కానీ టోనీ మీద నాకున్న ఇష్టం పోదు. పేదవాడిని చూసి జనం మొహం తిప్పుకుంటే లోపల పుట్టే కోపం ఆ సినిమాలో ఉంది. దాన్ని అంత బాగా చూపించినవాళ్లు తక్కువ. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ కోపాన్ని కొట్టిపారేయొద్దు. కొట్టిపారేస్తే మీ మాట వినరు.

గడియారస్తంభం_అనంతపురం

రాయచోటి తమ్ముడూ, ఈ మాట నాకు పనికొస్తుంది. కారు సీను గురించి నువ్వన్నదీ నిజమే. జీవితంలో చేసిన ఒక్క మంచిపనికే వాడు చచ్చిపోతాడు. ఇంతకంటే విషాదం ఏముంటుంది? మా వాడి స్టేటస్‌లో ఆ సీను ఒక్కరోజన్నా కనిపిస్తే నేను ఈ పోస్టే రాసేవాణ్ని కాదు.

ఫ్లెక్సీ_కర్నూలు

అన్నా, మీ వాడికి పద్దెనిమిది నిండినాయా? మొదట్లోనే రంపంతో మనిషిని కోసే సీను ఉంది. చిన్నపిల్లోడి పక్కన కూర్చుని చూసే సినిమా కాదది. ముందు ‘అంతఃపురం’ వేయండి.

గడియారస్తంభం_అనంతపురం

ఇంకా నిండలేదు. ఈ ఆదివారం ‘అంతఃపురం’ పెడదామనుకుంటున్నా, అక్కను కూడా రమ్మన్నాను. స్టేటస్ సంగతి నేనుగా ఎత్తను. వాడే ఏమన్నా అడిగితే టోనీ తల్లి సీను వరకు చూపిస్తా, అందులో రక్తం లేదు. సోమవారం ఇక్కడ రాస్తాను. పెన్నాతీరం అమ్మా, మీ పెద్దమ్మ సంగతి పేరూ ఊరూ చెప్పకుండా వాడితో చెప్పవచ్చా?

పెన్నాతీరం_కడప

చెప్పండి అన్నా. జీపు చప్పుడు సంగతి తప్పకుండా చెప్పండి.