బీపీ మిషను ఒక మాట, ఆస్పత్రి ఇంకో మాట: ఏది నమ్మాలి?

తెనాలి రావు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. ఉండేది బెంగళూరు సర్జాపుర రోడ్డులో, పని బెళ్ళందూరులో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో బీపీ 152/98 వచ్చింది. డాక్టరు గారు వెంటనే మాత్ర రాయలేదు, ఇంట్లో వారం పాటు రెండు పూటలా చూసి రాసుకురమ్మన్నారు. మిషను కొన్నాను. పొద్దున 138/88 అంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చూస్తే 156. పైగా చేతికి చుట్టే పట్టీ సరిగా అతుక్కోదు, గాలి నిండేసరికి చర్రుమని ఊడిపోతుంది.

నా దినచర్యలో నడక అంటే క్యాబు నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి కుర్చీ దాకా. రాత్రి అమెరికా వాళ్లతో మీటింగు, అదీ కూర్చునే. ఊరి నుంచి కొత్త ఆవకాయ జాడీ వచ్చిన వారమే ఈ గొడవ మొదలైంది. ఏ అంకె నమ్మాలి? మాత్ర మొదలుపెడితే ఇక జీవితాంతమేనా? జిమ్‌లో చేరమనేవారు మాత్రం దయచేసి ఆగండి. డబ్బు కట్టి ముఖం చూపించని వాళ్లు మా ఆఫీసు నిండా ఉన్నారు.

జయనగర్ సిస్టర్:
రావు గారూ, నేను నర్సును. ముందు ఆ పట్టీ సంగతి తేల్చండి. భుజానికీ మోచేతికీ నడుమ టేపుతో చుట్టుకొలత చూడండి. మిషనుతో వచ్చే మామూలు పట్టీలు చాలావరకు 32 సెంటీమీటర్ల లోపు చేతులకే. ఏ కొలతకు పనికొస్తుందో పట్టీ మీదే అచ్చువేసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది.

రెండోది, రింగు రోడ్డు ట్రాఫిక్ దాటొచ్చి బూట్లయినా విప్పకుండా చూసుకుంటే 156 రాక ఏమొస్తుంది? మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్లమీద, గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు వద్దు. చూసేటప్పుడు మాట్లాడొద్దు, ఫోనూ వద్దు. నిమిషం ఆగి రెండోసారి చూడండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి.

అయితే 138 చూసి సంబరపడకండి. ఆస్పత్రిలో 140/90 హద్దయితే, ఇంట్లో సగటు 135/85 చేరినా ఎక్కువ కిందే లెక్క. 180/120 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే ఇక్కడ ప్రశ్నలు రాస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మల్లేశ్వరం బాబాయి:
తమ్ముడూ, నేనూ కుర్చీ ఉద్యోగం చేసినవాణ్ణే, మాత్ర వేసుకుంటున్నవాణ్ణే. మొదట ఆమ్లోడిపిన్ ఇచ్చారు, చీలమండలు వాచాయి. డాక్టరుకు చెబితే వేరేది మార్చారు. జీవితాంతమా అంటే, బరువు బాగా తగ్గి మోతాదు తగ్గినవాళ్లున్నారు, కానీ అది డాక్టరు చూసి తగ్గించాల్సిందే. కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుందని చెబుతారు. బరువుతో పాటు నడుము కూడా కొలుచుకో, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

1953లో లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడి బృందం డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని గమనించింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకు గుండె జబ్బు ఎక్కువ, మెట్లెక్కి దిగే కండక్టర్లకు తక్కువ. బస్సు ఒకటే, రోడ్డు ఒకటే! నువ్వు డ్రైవరు సీట్లో ఉన్నావు, అదీ బస్సు కదలకుండా. ఆ రాత్రి మీటింగులో మాట్లాడేది నోరే కదా, కాళ్లకు పనేమిటి? ఇయర్‌ఫోను పెట్టుకుని మేడమీద తిరుగు. ఆదివారం కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడువు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు.

ఇక ఆవకాయ. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దంటారు. ఆవకాయ ఒక్కటే దోషి కాదు. క్యాంటీన్ సాంబారు, నాలుగింటికి బేకరీ పఫ్, అప్పడం, కందిపొడి, పెరుగన్నంలో మళ్లీ చిటికెడు. జాడీ ఉండనీ, పెద్ద ముక్క బదులు గోరంత ముక్క వేసుకో. పెరుగన్నంలో ఉప్పు మాత్రం మానాల్సిందే, అందులో రాజీ లేదు.

తెనాలి రావు:
చెయ్యి 35 సెంటీమీటర్లు! పెద్ద పట్టీ తెప్పించి సిస్టర్ గారు చెప్పినట్టే చూశాను. వారం సగటు 141/91. డాక్టరు గారు ఆ కాగితం చూసి చిన్న మోతాదులో మాత్ర రాశారు. నడుము అంకె ఇక్కడ రాయను, బాబాయి గారు తిడతారు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ లక్ష్మి:
ఒక్క మాట, రావు గారూ. గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు బీపీ ఓ పట్టాన లొంగదు. మా వారిది అదే కథ. నడుము నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు తరచూ మింగే అలవాటుంటే అదీ డాక్టరుకు చెప్పండి, వాటితోనూ బీపీ పెరుగుతుంది.

తెనాలి రావు:
గురక గురించి నన్ను అడిగితే లేదనేవాణ్ణి. ఇది మా ఆవిడ చదివింది. నిద్ర పరీక్షకు ఎక్కడికి వెళ్లాలో మీకు తెలిస్తే ఆవిడకే చెప్పండి, నాకంటే తనకే తొందరగా ఉంది.