కూబర్ పెడీలో రెండు రోజులు, ఏం చూడొచ్చు?

ప్రశ్న (తిరుపతి): మా అమ్మాయి ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో చదువుతోంది. జులైలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం, కారులో కూబర్ పెడీ పోదామంటోంది, దాదాపు 850 కిలోమీటర్లంట. ఆ ఎడారిలో చూడ్డానికి ఏముందండీ?

జవాబు (చిత్తూరు): చాలా ఉంది అన్నా. 1915లో ఓపల్ అనే రత్నాల రాళ్లు దొరికిన ఊరది, ఎండ తట్టుకోలేక జనం గుట్టలు తొలిచి నేల కిందే ఇళ్లు చేసుకున్నారు, బయట 40 డిగ్రీలు దాటినా లోపల చల్లగానే ఉంటుంది. ఒక్క రాత్రైనా అలాంటి గదిలో పడుకోండి. గోడ మీద చెయ్యి పెడితే యంత్రం గీరిన గాట్లు తగులుతాయి. లైటు ఆర్పితే చిమ్మచీకటి, మా నాన్నకు మొదట టెన్షన్ వచ్చింది గానీ తెల్లారేదాకా కదల్లేదు. సెర్బియన్ చర్చి కూడా నేల కిందే, తప్పక చూడండి.

జవాబు (మదనపల్లె): సాయంత్రం బ్రేకవేస్ అనే గుట్టల దగ్గరికి పోండి, ఊరికి 30 కి.మీ. పొద్దు వాలేటప్పుడు ఆ ఎర్ర, పసుపు, తెల్ల గుట్టలు రంగు మారుతుంటే లేవబుద్ధి కాదు. గనుల దగ్గర మాత్రం వెనక్కి నడుస్తూ ఫోటోలు తీయకండి, మూతల్లేని లోతు గుంతలుంటాయి. చీకటి పడ్డాక కారు తీయొద్దు, కంగారూలు అడ్డమొస్తాయి.

ప్రశ్న: సంతోషం తమ్ముడూ. స్వెట్టర్లు కావాలా?

జవాబు: కావాలన్నా, జులై అక్కడ చలికాలం.