అప్‌డేట్: జర్మనీ పర్మిట్ కార్డు రాకముందే ఇంటికి వెళ్లొచ్చాను

స్టూడెంట్ వీసా గడువు అయిపోయింది, రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఇంకా రాలేదు, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఒక్కటే ఉంది, అక్క పెళ్లికి హైదరాబాద్ వెళ్తే మళ్లీ రానిస్తారా అని అడిగాను కదా. వెళ్లాను, వచ్చేశాను కూడా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "కాగితంలో ఏ గడికి టిక్ ఉందో చూడు" అన్న సలహా. నివాస చట్టం 81వ సెక్షన్, 4వ సబ్‌సెక్షన్ అని ఉంటే పాత వీసా హక్కులే కొనసాగుతాయి, బయటికి వెళ్లి తిరిగి రావచ్చు. 3వ సబ్‌సెక్షన్ అయితే దాంతో తిరిగి రాలేం. గడువు ముగియకముందే అప్లై చేశాను కాబట్టి నాది 4. విదేశీయుల ఆఫీసుకు మెయిల్ పెడితే వాళ్లూ అదే రాశారు.

ఫ్రాంక్‌ఫర్ట్ ఇమిగ్రేషన్‌లో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. టెన్షన్ అంతా శంషాబాద్ చెకిన్ దగ్గరే. కౌంటర్‌లో అమ్మాయి ఆ జర్మన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పాత వీసా పక్కన పెట్టి చూసి, సూపర్‌వైజర్‌ని పిలిచింది. మెయిల్ ప్రింట్ చూపించాకే బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది. మీరు ఆ మెయిల్ ఇంగ్లీషులోనే అడిగి తీసుకోండి.

బ్లాక్డ్ అకౌంట్ (చదువుకునే రోజుల ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్ కాగితాలు లావుపాటి ఫైలు మోశాను గానీ ఎవరూ అడగలేదు. నాది డైరెక్ట్ ఫ్లైట్. వేరే షెంగెన్ దేశం (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల్లో ఒకటి) మీదుగా వచ్చేవాళ్లు ఈ కాగితం అక్కడ చెల్లుతుందో లేదో విడిగా కనుక్కోండి.