రైనియర్ అడవిలో పిట్టలు వినిపిస్తాయి గానీ కనిపించవు, ఎలా?

కొత్త_బైనాక్యులర్:
సియాటిల్ వచ్చాక ఈ పిట్టల పిచ్చి పట్టుకుంది. చెరువుల దగ్గర బాతులూ గద్దలూ బాగానే దొరుకుతున్నాయి, కానీ మౌంట్ రైనియర్ పార్కులో లాంగ్‌మైర్ అనే చోట ఆ పెద్ద డగ్లస్ ఫర్ చెట్ల మధ్యకి వెళ్తే మెడనొప్పి తప్ప ఏమీ మిగలట్లేదు. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ వరసగా పేర్లు చూపిస్తుంది, ఒక్కటీ కంటికి ఆనదు. జూలైలో నాన్న వస్తున్నారు, ఎక్కువ నడవలేరు. ఆయనకి ఏమైనా చూపించగలనా?

పాత_కాపు:
ముందు పైకి చూడటం మానెయ్ తమ్ముడూ, మానుల మొదళ్లు చూడు. బ్రౌన్ క్రీపర్ అని అచ్చం బెరడు రంగులో ఉండే చిన్న పిట్ట, చెట్టు మొదట్లో వాలి మాను చుట్టూ తిరుగుతూ పైకి పాకుతుంది, పైదాకా పోయాక ఎగిరి పక్క చెట్టు మొదట్లోకి దిగి మళ్లీ మొదలుపెడుతుంది. అందుకని పక్క చెట్టు మీద కాచుకుని ఉండొచ్చు. చలికాలంలో అయితే అది కనిపించగానే కదలకు, చికడీలు, కింగ్‌లెట్లు లాంటి బుల్లి పిట్టలు దానితో కలిసి గుంపుగా తిరుగుతాయి. గుంపు రానంతసేపూ అడవి ఖాళీ, వచ్చిందంటే ఎటు చూడాలో తోచదు. ఇక పడిపోయిన మానుల దగ్గర పసిఫిక్ రెన్ ఉంటుంది, తోక నిక్కబొడుచుకుని. పిడికిట్లో పట్టేంత పిట్టకి ఆ గొంతేంటో!

రెడ్‌మండ్_అక్క:
కింగ్‌లెట్ గొంతు మరీ సన్నం, పెద్దవాళ్ల చెవికి చాలాసార్లు అందదు, నాన్నగారిని "వినపడిందా, వినపడిందా" అని విసిగించకు. వేరీడ్ థ్రష్ వినిపించు. ఒకటే స్వరం, జీరగా సాగదీసి ఆపేస్తుంది, కాసేపాగి ఇంకో శ్రుతిలో అందుకుంటుంది. తెల్లారేసరికి అక్కడ ఉండాలి, ఎనిమిదింటికి ఇడ్లీ తిని బయల్దేరితే లాభం లేదు. తర్వాత కారులో అదే పార్కులో పైనున్న ప్యారడైజ్‌కి తీసుకెళ్లు, అక్కడ 1,600 మీటర్ల ఎత్తులో చెట్లు పొట్టివి, మెడ ఎత్తే పనే లేదు. కెనడా జే అనే పిట్టలు నీ చేతిలో చిప్స్ కోసం మీదికే వస్తాయి, పెట్టొద్దు, పార్కులో నిషేధం.

సముద్రం_పిట్ట:
మార్బుల్డ్ మర్‌లెట్ సంగతి ఎవరూ ఎత్తలేదే! సముద్రంలో చేపలు పట్టుకునే పిట్ట, గుడ్డు మాత్రం ఇలాంటి ముసలి చెట్ల మీద పెడుతుంది. గూడు కట్టదు, నాచు పట్టిన వెడల్పాటి కొమ్మ మీద ఒకే గుడ్డు. ఉత్తర అమెరికాలో ఇది గుడ్డు పెట్టే చోటు మొదటిసారి బయటపడింది 1974లో, కాలిఫోర్నియాలో, అదీ కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన మనిషికి. లేత తోటల్లో అంత లావు కొమ్మలుండవు, అందుకే పాత అడవి నరికితే దీనికి దిక్కులేదు.

కొత్త_బైనాక్యులర్:
థాంక్యూ అక్కా, అన్నా. మర్‌లెట్ నాకు దొరుకుతుందా?

సముద్రం_పిట్ట:
అడవిలోనా? ఆశ పెట్టుకోకు. చీకట్లో దూసుకుపోతుంది. ఫెర్రీ ఎక్కి నీళ్ల మీద వెతుకు.