జంతికలకు పాత నూనె వాసన: సహజ యాంటీఆక్సిడెంట్లు పనిచేస్తాయా?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. అమ్మా నేనూ ఇంట్లోనే జంతికలు, చేగోడీలు చేసి చుట్టుపక్కల కొట్లకు వేస్తుంటాం. ఎండాకాలం వచ్చిందంటే టెన్షనే. రంగు మారదు, కరకర పోదు, కానీ నమిలాక గొంతులో పట్టేసినట్టు పాత నూనె వాసన. కొట్టువాళ్లేమో ప్యాకెట్లను ఎండ తగిలే చోటే వేలాడదీస్తారు, ఎంత చెప్పినా వినరు.

వాడేది రిఫైన్డ్ సన్‌ఫ్లవర్. అందులో లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ కాబట్టి వెలుతురుకీ గాలికీ త్వరగా ఆక్సీకరణ చెందుతుందట, అంటే ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుందట. నువ్వుల నూనె అంత తేలిగ్గా పాడవకపోవడానికి సెసమాల్ లాంటి సహజ యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆక్సీకరణను నెమ్మదింపజేసేవి, కారణమంటారు. అయితే కొంత నువ్వుల నూనె కలిపితే చాలా, ఎంత పాళ్లలో? టీబీహెచ్‌క్యూ లాంటి కృత్రిమ యాంటీఆక్సిడెంట్లు వేయడానికి అమ్మ ససేమిరా అంటోంది. రోజ్‌మేరీ సారం, టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ, వేపుడు వేడికి నిలుస్తాయా? టోకోఫెరాల్ మోతాదు మించితే ఆక్సీకరణ ఇంకా పెరగొచ్చని కూడా చదివాను, అందుకే తోచినంత పోసేయడానికి భయం.

ఇంకోటి, మాది పాత ఇనప మూకుడు. ఇనుము, రాగి ఆక్సీకరణను వేగవంతం చేస్తాయి కదా, స్టీలుకు మారితే తేడా తెలుస్తుందా? కరివేపాకు వేయించిన నూనె ఎక్కువ కాలం ఆగుతుందని మా పిన్ని వాదన. ఎవరైనా చేసి చూశారా?

వైజాగ్‌లో చిన్న శాంపిల్‌కి పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత ఆక్సీకరణ చెందిందో చెప్పే కొలత) కట్టిచ్చే ల్యాబ్ తెలిస్తే చెప్పండి. రిఫైన్డ్ నూనెకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలోకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు. మా మూకుట్లో మిగిలిన నూనె ఎక్కడుందో చూడాలి.